మెట్ల కింద పడి ఉన్న అక్క

1978 ఫిబ్రవరిలో మెక్సికో నగరం నడిబొడ్డున విద్యుత్తు కార్మికులు తవ్వుతుండగా ఒక బండ అడ్డుపడింది. మట్టి తీసి చూస్తే మూడు మీటర్లకు పైగా వెడల్పున్న గుండ్రటి శిల. దాని మీద ఒక స్త్రీ. తల ఒక పక్క, చేతులు ఒక పక్క, కాళ్లు మరో పక్క. ఆమె పేరు కొయొల్షౌకి. కన్నతల్లినే చంపబోయిందట. అప్పుడే పుట్టిన తమ్ముడు విట్సిలోపోచ్ట్లి ఆమెను నరికి కొండ మీది నుంచి దొర్లించాడు. ఆ తమ్ముడే, స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ రాజ్యమేలిన అజ్టెక్కుల యుద్ధదేవుడు.

ఆ శిల దొరికిన చోటు గమనించండి. ఆ దేవుడి గుడి మెట్ల పాదం. పైన యుద్ధ ఖైదీ గుండె పెకలించి, దేహాన్ని మెట్ల మీదికి తోస్తే, అది దొర్లుకుంటూ వచ్చి పడేది ఈ అక్క దగ్గరే. ఎదురు తిరిగినవాళ్ల గతి ఇదేనని ప్రతి బలీ చాటేది.

నరబలి అనగానే మూఢభక్తి అని ఒక్క మాటతో దాటేస్తాం. నేను ఒప్పుకోను. సూర్యుడికి రక్తం కావాలని వాళ్లు మనసారా నమ్మారు, నిజమే. కానీ ఆ నమ్మకానికి పగ్గాలు వేసి నడిపింది రాజ్యం. 1428లో అజ్టెక్కుల రాజధాని టెనోచ్టిట్లాన్ (ఇప్పటి మెక్సికో నగరం ఉన్న చోటే) మరో రెండు నగరాలతో కూటమి కట్టింది. ఓడిన ఊళ్ల నుంచి నూలు వస్త్రాలు, కోకో గింజలు కప్పంగా వచ్చిపడేవి. శత్రువులను ప్రాణాలతో పట్టుకొచ్చిన సామాన్యుడికీ హోదా దక్కేది. పట్టినవాడు బందీని 'నా కొడుకు' అనేవాడు, బందీ అతన్ని 'నా తండ్రి' అనేవాడు. ఈ మాట చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

1487లో అహ్విట్సోట్ల్ రాజు గుడిని విస్తరించి ఉత్సవం జరిపాడు. నాలుగు రోజుల్లో 80,400 మందిని బలిచ్చారని ఒక స్పానిష్ చరిత్రకారుడు రాశాడు. లెక్క వేయండి: రాత్రీపగలూ ఆగకుండా నిమిషానికి 14 మంది. అసాధ్యం. అయితే శత్రు రాజులను రహస్యంగా పిలిపించి ఆ తంతు చూపించారని కూడా ఆ రచనలోనే ఉంది. నా దృష్టిలో అసలు సంగతి అదే, శత్రువులను భయపెట్టడం.

అలా ఎంత భయపెట్టినా పొరుగు రాజ్యం ట్లాష్కాలా ప్రజలు లొంగలేదు. బలికి బందీలను పట్టుకోవడానికి జరిపే 'పూల యుద్ధాలు' అనే పోరాటాల్లో తరాలుగా బిడ్డలను పోగొట్టుకున్నారు. చుట్టూ దిగ్బంధం, కూరలోకి ఉప్పు కూడా కరువు. 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ కొన్ని వందల మందితో వచ్చినప్పుడు ముందు అతనితో పోరాడారు, తర్వాత చేతులు కలిపారు. 1521 ఆగస్టు 13న టెనోచ్టిట్లాన్ కూలిన నాడు స్పానిష్ సైనికుల పక్కన వేలకు వేలుగా నిలిచినవారు, ఆ మెట్ల మీద దొర్లిన బందీల అన్నదమ్ములూ కొడుకులూ.