వానలు పడ్డాక కార్చిచ్చు ఆర్పే కుర్రాళ్లు ఏం చేయాలి?

హోస్ట్: నమస్తే అండి, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాం. ఎండలు ముదిరితే ఒక్కోసారి కొండపల్లి వైపు కొండల మీద పొగ కనిపిస్తుంది. బొమ్మలకు వాడే తెల్లపొణికి చెట్లున్న అడవి అది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నల్లమలలో రెండు వేసవులు ఫైర్ వాచర్‌గా, అంటే అడవిని మంటల నుంచి కాపలా కాసే పని చేసిన అన్నయ్య ఇవాళ మనతో ఉన్నారు. అన్నయ్యా, కార్చిచ్చుని నీళ్లు లేకుండా ఎలా ఆర్పుతారు?

అతిథి: నీళ్లా? తాగడానికే మోసుకెళ్లాలమ్మా. మంటకి మేత దొరక్కుండా చేయడమే మా పని. వేసవి ముదరకముందే ఫైర్ లైన్లు, అంటే మంట దాటకుండా ఖాళీ పట్టీలు కొట్టి, మట్టి కనిపించేదాకా ఆకులు ఊడ్చేస్తాం. అంటుకుంటే పక్కల నుంచి పచ్చి కొమ్మలతో బాదుకుంటూ వెళ్తాం. పైన మాత్రం నిలబడకూడదు. గుట్ట ఎక్కే మంట పై ఆకుల్ని ముందే కాచి ఎండబెట్టేస్తుంది, మన కాళ్లు దాన్ని మించలేవు.

హోస్ట్: ఆరిందని ఎలా తెలుస్తుంది?

అతిథి: అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు బూడిద దగ్గర పెట్టి చూడాలి. సెగ తగిలితే తవ్వాల్సిందే. ఓసారి అంతా చల్లారిందని అన్నం మూటలు విప్పాం. ఓ మోడు వేరులో నిప్పు ఉండిపోయింది. గాలి లేచింది, మళ్లీ భగ్గుమంది. నివురుగప్పిన నిప్పంటే ఏంటో ఆ రోజు తెలిసింది. చెయ్యి పెట్టి చూడటం నేర్పింది మాతో ఉన్న ఓ చెంచు పెద్దాయనే.

హోస్ట్: మరి వానలు పడ్డాక?

అతిథి: ఇంటికే. నేను ఆటోనగర్‌లో పనిలో చేరిపోయాను. మళ్లీ వేసవికి నా చోట కొత్త కుర్రాడు, వాడికి మొదటి నుంచి నేర్పాలి. నా బాధంతా అదే.

హోస్ట్: దక్షిణాఫ్రికాలో 2003లో ‘వర్కింగ్ ఆన్ ఫైర్’ అనే పథకం మొదలుపెట్టారు. పని దొరకని పేదింటి యువతను తీసుకుని, శిక్షణ ఇచ్చి, కూలి ఇచ్చి పని చేయిస్తారు. అమ్మాయిలూ చాలామందే ఉన్నారు. మంటలు లేనప్పుడు ఫైర్ లైన్లు వేస్తారు, అడవిని మింగే పరాయి మొక్కలు నరుకుతారు. 2016లో కెనడాలోని ఫోర్ట్ మెక్‌ముర్రే మంటలకి అక్కడి నుంచి 301 మంది వెళ్లారు!

అతిథి: మరి డబ్బులు సరిగ్గా ఇచ్చారా?

హోస్ట్: అక్కడే గొడవైంది. కూలి విషయం తేలక అనుకున్నదానికంటే ముందే వెనక్కొచ్చేశారు.

అతిథి: చూశారా! పని ఎంత బాగా వచ్చినా కూలి లెక్క ముందే తేలాలి. మనకీ ఏడాది పొడుగునా పనుందమ్మా, లాంటానా అనే పరాయి మొక్క పొదలు తీయడమే బోలెడు. అడవిలో మంటని ఉపగ్రహం చూస్తే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, సంతోషమే. ఆ చోటికి దారి తెలిసిన మనిషి కూడా ఉండాలి కదా?

హోస్ట్: ఇప్పుడు పిలిస్తే వెళ్తారా?

అతిథి: ఏడాదంతా పనంటే రేపే బయల్దేరతాను. నాలుగు నెలలకైతే కష్టం. పిల్లల స్కూల్ ఫీజు జూన్‌లో కట్టాలి కదమ్మా.