పటం మీద కర్ర ఆగిన చోట

శ్రోతలందరికీ నమస్కారం. ఒక మాట అంటాను, వినండి. చింతచెట్టు. ఒక చెట్టు కళ్ల ముందుకొచ్చి నిలబడింది కదా, బహుశా మీ ఊరి చెరువు గట్టు మీదిదే. ఇప్పుడు ఇంకో మాట. నిబంధన. బొమ్మేమీ రాలేదు, ఉత్త మాటే వచ్చింది. కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త అలన్ పైవియో 1971లో అచ్చయిన తన పుస్తకంలో ఈ తేడా గురించే వివరంగా రాశారు. మనసులో మాటకో దారి, బొమ్మకో దారి ఉంటాయని, రెండు దారుల్లోనూ చేరింది బాగా గుర్తుంటుందని ఆయన అన్నారు. సిద్ధాంతం ఇక్కడితో ఆపేస్తాను, ఎందుకంటే నాకు చేరియాల పటం గురించి చెప్పాలని ఉంది.

సిద్దిపేట జిల్లా చేరియాలలో నకాశీ కళాకారులు గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి కలిపి పట్టించి, ఆరాక దాని మీద వరుసలు వరుసలుగా కథ మొత్తం గీస్తారు, వెనకంతా ఎరుపే. గోడకు తగిలించుకోవడానికి పుట్టిన బొమ్మలు కావవి, కథ చెప్పడానికి పుట్టినవి. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయుడి కథ చెప్పేది ఇలాంటి పటంతోనే. చుట్టిన పటాన్ని వేలాడదీసి, కొంచెం కొంచెంగా విప్పుతూ, పాడుతూ, కర్రతో బొమ్మను చూపిస్తారు.

నాకు ఆ కర్రంటే ఇష్టం. నోట యముడి మాట వచ్చేసరికి కర్ర దున్నపోతు మీద ఉంటుంది, ముందూ కాదు, వెనకా కాదు. పిల్లవాడు పూజలో కూర్చున్న బొమ్మ ఒకటి, పాశం పడ్డాక లింగాన్ని వాటేసుకున్న బొమ్మ ఇంకొకటి. మధ్యలో పదహారేళ్లు నిండాయి. పదహారేళ్లను ఎవరైనా ఎలా గీస్తారు? అది పాటే చెప్పాలి. లింగాన్ని చుట్టుకున్న ఆ రెండు చేతుల్ని మాత్రం పాట ఎంతసేపు చెప్పినా తీరదు, బొమ్మ చూడగానే మనకు గుండె బరువెక్కుతుంది. ఒకే గుడ్డ మీద మార్కండేయుడు ఎన్నిసార్లు కనిపించినా అంతమంది పిల్లలున్నారని ఎవరూ అనుకోరు, నాలుగేళ్ల మా మనవరాలు కూడా అనుకోలేదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉన్న ఖాళీని మనసే కలుపుకుంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకం చదివేవాళ్లు ఉంటే ఆ కర్ర పని మీ వేలికి అప్పగించండి. మనం చదువుతుంటే పిల్లలు చూసేది అక్షరాల్ని కాదు, బొమ్మల్నే, వాళ్ల కళ్ల కదలికలు కొలిచి చూసిన పరిశోధనల్లోనూ అదే తేలింది. మన నోరు పులి దగ్గర, వాళ్ల కళ్లు కోతి దగ్గర ఉంటే కథ చెరో దారిన పోతుంది. పులి అన్నప్పుడు వేలు పులి మీద పెట్టండి. తర్వాత కాస్త ఆగండి, వెంటనే పేజీ తిప్పకండి.

నిన్న రాత్రి నేను అలాగే ఆగితే, మా మనవరాలు నా వేలు పక్కకు జరిపి, "తాతా, కుందేలు చెప్పు ఇక్కడ పడిపోయింది, నువ్వు చెప్పనేలేదు" అంది. నిజమే, బొమ్మలో ఓ మూల చిన్న చెప్పు ఉంది, కథలో దాని ఊసే లేదు. ఆ చెప్పు ఎవరికి దొరికిందో, వాళ్లు ఏం చేశారో పావుగంట సేపు తనే చెప్పింది. నేను ఊ కొడుతూ కూర్చున్నాను.