రూపాయలు ఇక్కడ, డాలర్లు అక్కడ

అందరికీ నమస్కారమండీ.

నన్ను పిలిచిన మిత్రుడు ఫోన్లో ఒకటే మాట అన్నాడు. "ఈ వేసవిలో మన వాకర్స్‌లో చాలామంది ఫారిన్ వెళ్తున్నారు. డబ్బు ఎలా పంపాలో కాస్త చెప్పండి మాస్టారూ" అని. నేను మాస్టారిని కానండీ. బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజ్ కౌంటర్ వెనక కూర్చుని రిటైరైనవాణ్ని. గుంటూరులో రిటైరైన ప్రతివాడూ మాస్టారే కాబట్టి కాదనలేదు.

ఇక్కడికి వచ్చే ముందు బ్రాడీపేటలో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "బాబాయ్, బ్యాంకు చుట్టూ తిరగడం ఎందుకు? మా బావమరిది డాలస్‌లోనే ఉన్నాడుగా. నువ్వు ఇక్కడ మా అత్తగారికి రూపాయలు ఇచ్చెయ్, వాడు అక్కడ నీకు డాలర్లు ఇస్తాడు. గూగుల్ రేటే వేసుకుందాం, కమీషన్ లేదు, ట్యాక్స్ లేదు." బాబాయ్ గారి ముఖం వెలిగిపోయింది. నేను సగం టీ వదిలేసి వచ్చాను. ఈ సాయంత్రం నేను చెప్పాల్సిన అసలు సంగతి ఆ బల్ల మీదే ఉంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మన జిల్లాలో ఇది తప్పని చాలామందికి తెలియదు. అసలు తప్పులా కనిపించదు కూడా. ఇద్దరూ మనవాళ్ళే, ఎవరినీ మోసం చేయడం లేదు, లెక్క పైసాతో సహా సరిపోయింది. హవాలా అంటే సినిమాల్లో సూట్‌కేసులు, చింపిన పది రూపాయల నోటు అనుకుంటాం. బావమరిది సాయం కూడా దానికి తమ్ముడే. మన దేశంలో విదేశీ మారకానికి 1999లో చేసిన చట్టం ఉంది, ఫెమా అంటారు. 2000 జూన్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో మూడో సెక్షన్ చెప్పేది ఇదే. విదేశంలో ఉన్న మనిషి తరఫున, అనుమతి ఉన్న బ్యాంకు లేదా డీలర్ ద్వారా కాకుండా, ఇక్కడ డబ్బు పుచ్చుకోకూడదు. అక్కడ ఏదో రావాలని ఇక్కడ ప్రతిఫలం ఇవ్వకూడదు. అంటే అత్తగారు పుచ్చుకున్నదీ తప్పే, బాబాయ్ ఇచ్చిందీ తప్పే. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వేయవచ్చు. 5 లక్షలు సర్దుకుంటే 15 లక్షల దాకా అన్నమాట. అంతకు ముందున్న ఫెరా చట్టంలో జైలు కూడా ఉండేది, మా సీనియర్లు దాని పేరెత్తితేనే గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఇప్పుడు ఆ భయం పోయింది. భయంతో పాటు నియమం కూడా పోయిందని మనవాళ్ళు అనుకుంటున్నారు, అక్కడే చిక్కు.

ఈ సర్దుబాట్లు ఎప్పుడు బయటపడతాయో తెలుసా? ఎప్పుడో మూడేళ్ళకు, అత్తగారి ఖాతాలో పడిన నగదు ఎక్కడిదని ఆదాయపు పన్ను వాళ్ళు అడిగినప్పుడు. ఆవిడకేం తెలుసు పాపం, అల్లుడు చెప్పాడని తీసుకుంది. లేకపోతే డాలస్ బావమరిదికి ఉద్యోగం పోయి, మీరు అక్కడ దిగాక "కొంచెం ఆగండి అన్నయ్యా" అన్నప్పుడు. చేతిలో కాగితం ఉండదు, అడగడానికి నోరు రాదు.

ఇందులో ఒక తేడా గమనించండి. మీ అబ్బాయి సొంత సంపాదనతో మీకు టికెట్ కొని, హోటల్ కట్టి, చేతి ఖర్చులిస్తే అందులో తప్పేమీ లేదు. వాడి డబ్బు, వాడి దేశంలో, వాడి అమ్మానాన్నల కోసం. దానికి బదులుగా మీరు ఇక్కడ ఎవరి చేతిలోనైనా రూపాయలు పెడితేనే కథ మారుతుంది.

అయితే ఈ అడ్డదారి ఎందుకు? "బ్యాంకు వాడు దోచుకుంటాడు" అంటారు. నిజం చెప్పాలంటే అందులో కొంత నిజం ఉంది, ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని కాబట్టి ఒప్పుకుంటాను. మన మిర్చి యార్డులో ధర పలికేది ఒకటి, రైతు చేతికొచ్చేది ఒకటి. మధ్యలో కమీషన్, హమాలీ, ఇంకా ఏవేవో కోతలు. యార్డు సంగతి మనకు తెలుసు కాబట్టి ముందే అడుగుతాం. బ్యాంకులో అడగం. ఛార్జీ ఎంతండీ అంటే అయిదు వందలో వెయ్యో చెబుతారు, హమ్మయ్య అనుకుంటాం. అసలు కోత రేటులో ఉంటుంది. లెక్క సులువుగా ఉండాలని యూరో మార్కెట్లో 100 రూపాయలు ఉందనుకోండి. మీకు 102కి అమ్మారు. 4,000 యూరోలు పంపితే 8,000 రూపాయలు రేటులోనే పోయాయి. రసీదులో ఆ ఎనిమిది వేలు ఎక్కడా రాయరు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఛార్జీ ఎంత" కాదు. "నా ఖాతాలో మొత్తం ఎన్ని రూపాయలు తగ్గుతాయి, అవతలివాడికి ఎన్ని యూరోలు చేరతాయి?" ఇదొక్కటే అడగండి. రెండు మూడు చోట్ల అడగండి. మొత్తం కాస్త పెద్దదైతే రేటు తగ్గించమని బేరమాడండి, మేనేజరు పైవాళ్ళను అడిగి తగ్గించే వీలుంటుంది. వంకాయల దగ్గర బేరమాడి, ఇక్కడ నోరు మెదపం మనం!

రూపాయిని మార్చే ఆ పనికి జీఎస్టీ కూడా ఉంది, కానీ దానికి కంగారు పడక్కర్లేదు. 4 లక్షలు మారిస్తే 450 రూపాయలు.

ఇప్పుడు నా పరువు నేనే తీసుకుంటాను. నేనూ మా ఆవిడా స్కాట్లాండ్ వెళ్ళాలనుకున్నాం. ఎడిన్‌బరోలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కు 600 పౌండ్లు అడ్వాన్సు పంపాలి. ఫారం నింపాను. అందులో ఛార్జీలు ఎవరు భరిస్తారని ఒక గడి ఉంటుంది. మొత్తం మనమే భరిస్తే "అవర్", చెరి సగంలాంటిదైతే "షా", అంతా అవతలివాడే అయితే "బెన్". వేలమందికి ఆ గడి చూపించి టిక్కు పెట్టించినవాణ్ని, నాది ఖాళీగా వదిలేశాను. కౌంటర్లో కుర్రాడు "షా" వేసేశాడు. మన బ్యాంకుకూ అక్కడి బ్యాంకుకూ మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటుంది, అది తన కూలి తను తీసుకుంటుంది. గెస్ట్‌హౌస్‌కు 582 చేరాయి. గెస్ట్‌హౌస్ యజమానురాలు చాలా మర్యాదగా ఉత్తరం రాసింది, మిగిలిన 18 పౌండ్లు పంపితే గది ఖాయం చేస్తానని. ఆ 18 పౌండ్లు పంపడానికి అయిన ఛార్జీ ఆ 18 పౌండ్ల విలువలో సగం దాకా వచ్చింది. మా ఆవిడ ఈ సంగతి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెబుతుంది.

ఆ డబ్బు ప్రయాణం గురించి ఇంకొక్క మాట. స్విఫ్ట్ అంటారే, అది డబ్బు మోసుకెళ్ళే బండి కాదు. 1973లో బెల్జియంలో పెట్టిన సందేశాల వ్యవస్థ. ఫలానా ఖాతాలో ఇంత జమ వెయ్యండని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు రాసే ఉత్తరం అనుకోండి. ఉత్తరంలో ఖాతా నంబరు ఏది ఉంటే డబ్బు అక్కడికే పోతుంది. దొంగలు కాచుకునేది ఇక్కడే. మా పాత ఖాతాదారు ఒకాయన స్విట్జర్లాండ్ హోటల్‌తో నెల రోజులు మెయిల్‌లో మాట్లాడాడు. చివర్లో "మా ఖాతా మారింది, దీనికి పంపండి" అని అదే పేరుతో మెయిల్ వచ్చింది. అడ్రసులో ఒక్క అక్షరం తేడా. అదృష్టం బాగుండి పంపే ముందు కాగితం నా దగ్గరికి తెచ్చాడు. యూరప్ ఖాతాలకు ఐబాన్ అనే పొడుగాటి నంబరు ఉంటుంది, దాని మొదటి రెండు అక్షరాలు దేశానివి. స్విట్జర్లాండ్ అయితే సీహెచ్, బ్రిటన్ అయితే జీబీ, ఫ్రాన్స్ అయితే ఎఫ్ఆర్. స్విఫ్ట్ కోడ్‌లో కూడా అయిదు, ఆరో అక్షరాలు దేశానివే. ఆయన కాగితం మీద ఉన్నది స్విట్జర్లాండ్ కాదు. హోటల్ వెబ్‌సైట్లో ఉన్న నంబరుకు ఫోన్ చేయిస్తే, వాళ్ళు ఏ ఖాతా మార్చలేదన్నారు. మెయిల్‌లో వచ్చిన నంబరుకు మాత్రం చేయకండి, ఎత్తేది ఆ దొంగే.

ఇక టీసీఎస్, అంటే విదేశానికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకో ఏజెంటో మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను. అందరి టెన్షనూ దీని మీదే. ముందు పరిమితి చెబుతాను. ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపవచ్చు. రిజర్వ్ బ్యాంకు ఈ పథకాన్ని 2004లో పెట్టినప్పుడు అది 25,000 డాలర్లే. మనకు ఆ గీత దాకా వెళ్ళే యోగం లేదు కాబట్టి వదిలేద్దాం. పాన్ కార్డు తప్పనిసరి, చిన్నపిల్లల పేరు మీద పంపినా సరే.

టీసీఎస్ 2020 అక్టోబరులో వచ్చింది, అప్పటి నుంచి రేటు మారుతూనే ఉంది. ట్రావెల్ ఏజెంటు దగ్గర టూర్ ప్యాకేజీ కొంటే 10 లక్షల దాకా 5 శాతం, పైన 20 శాతం ఉండేది. 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో మొత్తానికీ 2 శాతం చేశారు. 12 లక్షల యూరప్ ప్యాకేజీకి ఇదివరకు 90,000 కట్టాల్సి వచ్చేది, ఇప్పుడు 24,000. మీరే హోటల్ వెతుక్కుని బ్యాంకు ద్వారా పంపుకుంటే ఏడాదికి 10 లక్షల దాకా అసలు ఏమీ లేదు, ఆపైన పంపినదానికి మాత్రం 20 శాతం. పిల్లల ఫీజులకు, వైద్యానికి లెక్క వేరు, ఈసారి అదీ తగ్గింది. కాబట్టి పంపే కారణం ఫారంలో సరిగ్గా రాయండి. షికారును చదువని రాసి తర్వాత సంజాయిషీ చెప్పుకోవద్దు.

ఇది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద ఆదాయపు పన్ను వాళ్ళ లెక్కల్లో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకుంటుంది లేదా వెనక్కి వస్తుంది. మన వయసువాళ్ళలో చాలామంది పన్ను లేదని రిటర్నే వేయరు. వేయకపోతే ఆ డబ్బు ప్రభుత్వానికి మీరు ఇచ్చిన చందా.

చేతి ఖర్చుల సంగతి త్వరగా చెప్పేస్తాను, మైసూర్ బజ్జీలు వచ్చినట్టున్నాయి. మామూలు దేశాలకైతే ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల దాకానే, మిగతాది ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డులో, వేసుకోండి. ఆ నోట్లు కొనేటప్పుడు రూపాయల నగదు 50,000 దాకానే తీసుకుంటారు, దాటితే చెక్కో, ఖాతా బదిలీయో. అక్కడి షాపులో కార్డు గీస్తే మెషిన్ "రూపాయల్లో కట్టనా" అని ముద్దుగా అడుగుతుంది. వద్దనండి. అక్కడి కరెన్సీలోనే కట్టండి, లేకపోతే రేటు వాడిష్టం. నేపాల్, భూటాన్ వెళ్ళేవాళ్ళకు విదేశీ మారకం ఇవ్వరు, అడిగి భంగపడకండి.

ఎవరో చీటీ పంపారు, మిగిలిపోయిన డాలర్లు ఏం చేయాలని. తిరిగొచ్చిన 180 రోజుల్లో బ్యాంకులో ఇచ్చేయాలి. 2,000 డాలర్ల దాకా నోట్లు ఇంకోసారికని ఉంచుకోవచ్చు. నాణేలు మాత్రం మన దగ్గర ఎవరూ కొనరు. మా ఇంట్లో హార్లిక్స్ సీసాలో ఆ పౌండు బిళ్ళలు ఇప్పటికీ ఉన్నాయి, మనవరాలు వామనగుంటలు ఆడుకుంటోంది.