ముగింపు ముందే తెలిస్తే థ్రిల్లర్‌లో మిగిలేదేమిటి? ఈ నెల చదివిన నాలుగు నవలలు

(తెరపై: పాత పుస్తకం లోపలి అట్ట. ఒక మూలనున్న పెన్సిల్ రాతను వేలు కప్పి ఉంచుతుంది.)

నమస్కారం. ఈ నెల మొదటి వారంలో బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు వెదుకుతుంటే, అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ దొరికింది. ఎం.జి. రోడ్డు మెట్రో స్టేషన్‌లో రైలు కోసం నిలబడి తెరిచేసరికి, ఎవరో మహానుభావుడు హంతకుడి పేరు అట్ట లోపల రాసి, కింద గీత కూడా గీసి ఉంచాడు. ఇప్పుడు నా వేలి కింద ఉన్నది ఆ పేరే. ఇల్లు చేరేదాకా ఆ పాత యజమానిని తిట్టుకున్నానే గాని చదవడం మానలేదు. అప్పటి నుంచి ఈ నెలంతా ప్రతి పుస్తకాన్నీ ఒకే ప్రశ్నతో తెరిచాను: ఏం జరగబోతుందో తెలిసిపోయాక కూడా థ్రిల్లర్ మనల్ని దేనితో కట్టిపడేస్తుంది?

కథ చెప్పేది కింగ్స్ ఆబట్ అనే పల్లెలోని వైద్యుడు. పక్కింట్లో కొత్తగా దిగిన పెద్దమనిషి తాను పెంచుతున్న గుమ్మడి జాతి కాయ మీద విసుగెత్తి గోడ మీదుగా విసిరితే, అది ఈయన పక్కనుంచి దూసుకుపోయి పడుతుంది. ఆ పెద్దమనిషే డిటెక్టివ్ వృత్తి మానుకుని తోటపని పెట్టుకున్న హెర్క్యూల్ పొయిరో. పేరు తెలిసి చదవడం వల్ల నాకు మొదటిసారే రెండోసారి చదివినట్లయింది. తెలియనివారు పరుగులు తీసే చోట నేను ఆగి, ఏ వాక్యం దేన్ని కప్పుతున్నదో చూశాను. రచయిత్రి మనకు అడగవలసిన ప్రశ్న తట్టకుండా చేస్తారు, అంతే. ఇది పాఠకుణ్ణి మోసగించడమేనని ఆ రోజుల్లోనే కొందరు తప్పుపట్టారు. ఆధారాలన్నీ మన కళ్లెదుటే పరిచిన మనిషిని మోసగత్తె అనడం నాకు న్యాయంగా తోచదు.

(తెరపై: ఫ్రాన్స్ పటం.)

ఫ్రెడరిక్ ఫోర్సిత్ రాసిన ‘ది డే ఆఫ్ ది జాకాల్’లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్‌ను చంపడానికి 1963లో ఒక కిరాయి హంతకుణ్ణి కుదుర్చుకుంటారు. నవల వచ్చింది 1971లో. డి గాల్ అంతకు ముందటి ఏడాదే తన ఇంట్లో సహజంగా కన్నుమూశారు. హత్య జరగదని తెలిసి కూడా, పసితనంలోనే చనిపోయిన పిల్లవాడి పేరు మీద పాస్‌పోర్టు సంపాదించే పద్ధతిని, తుపాకిని ముక్కలుగా విడదీసి దాచే నేర్పును ఊపిరి బిగబట్టి చదువుతాం. నడిమి భాగంలోని అధికారుల సమావేశాలు మాత్రం కొంత సాగాయి.

కీగో హిగషినో 2005లో ప్రచురించిన ‘ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ ఇంకో మెట్టు పైన ఉంటుంది. హత్య ఆరంభంలోనే, మన ఎదుటే జరుగుతుంది; చేసిన స్త్రీని కాపాడడానికి పక్క వాటాలోని లెక్కల మాస్టారు పూనుకుంటాడు. చూడటానికి జ్యామితిలా కనిపించి నిజానికి ప్రమేయాల (ఫంక్షన్ల) లెక్క అయ్యే ప్రశ్నలను ఆయన పరీక్షలో ఇస్తుంటాడు. నవల నడక కూడా అదే. అంతా తెలుసనుకున్న మనకు, ఏది తెలుసుకోవాలో తెలియలేదని చివర్లో బోధపడుతుంది.

(తెరపై: కాఫీ కప్పు, పక్కన సన్నటి కన్నడ పుస్తకం.)

అయితే ఈ నెల నన్ను నిజంగా భయపెట్టింది థ్రిల్లర్ల అరలోది కాదు. అది వివేక్ శానభాగ్ కన్నడంలో రాసిన ‘ఘాచర్ ఘోచర్’. ఇన్నేళ్లుగా దుకాణాల బోర్డులు చదవడానికే పనికొచ్చిన నా కన్నడంతో, లిపి మనకు దగ్గరిదే కదా అన్న ధైర్యం మీద, కూడబలుక్కుంటూ చదివాను. చిన్న ఇంట్లో చీమల మీద యుద్ధం చేస్తూ బతికిన బెంగళూరు కుటుంబం, చిన్నాన్న పెట్టిన మసాలా వ్యాపారంతో ఉన్నట్టుండి ధనికులవుతుంది. సంపాదించేది ఆయన ఒక్కడే కాబట్టి, ఆయన జోలికి ఎవరూ రాకుండా ఇంటిల్లిపాదీ కాపలా కాస్తారు. ఒకరోజు ఆయన కోసం ఒకామె గుమ్మం ముందుకు వస్తే, ఇంటి ఆడవాళ్లు ఆమెను తిట్టి తరిమేస్తారు. కథ చెప్పే కొడుకు అది చూస్తూ ఊరుకుంటాడు. ఎవరి చేతిలోనూ కత్తి లేని ఆ పేజీల దగ్గర నేను పుస్తకం మూసి, లేచి కాసేపు వంటింట్లో నిలబడ్డాను.

పేరులోని ఆ మాట ఏ నిఘంటువులోనూ ఉండదు; కథకుడి భార్య చిన్నతనంలో తన తమ్ముడితో కలిసి, చిక్కుపడిన గాలిపటం దారానికి పెట్టుకున్న పేరది. చివరికి కథకుడు కాఫీ హౌస్‌లోనే కూర్చుని ఉంటాడు. ఊరికి వెళ్లిన ఆ భార్య ఇంకా తిరిగి రాలేదు. ఏం జరిగి ఉంటుందో రచయిత ఒక్క మాట కూడా చెప్పరు. పెన్సిల్ పట్టుకుని తిరిగే ఆ పాత యజమానికి ఈ పుస్తకం చిక్కినా, అట్ట లోపల రాయడానికి పేరేదీ దొరికి ఉండేది కాదు.