ఫ్రిజ్ మీద అప్రైజల్ నోటీసు: గవర్నర్ గారు తగ్గించిన పన్నులో మా ఇంటికి వచ్చిందెంత?

నమస్తే అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఈ రోజు వ్లాగ్‌లో కాస్ట్‌కో షాపింగ్ లేదు, మీల్ ప్రెప్ లేదు. ఇదిగో, ఫ్రిజ్ మీద తిరుపతి మ్యాగ్నెట్ కింద వారం రోజులుగా వేలాడుతోందే, ఈ కాగితం సంగతి చూద్దాం. అడ్రస్ కనపడకుండా బొటనవేలు అడ్డం పెట్టాను, ఏమనుకోకండి. మా టెక్సస్‌లో ఏటా ఏప్రిల్‌లో వచ్చే అప్రైజల్ నోటీసు ఇది. జనవరి 1 నాటికి మన ఇల్లు ఎంత చేస్తుందో కౌంటీలో ఉండే అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్లు లెక్కగడతారు. ఇంటి పన్ను దాని మీదే.

నిన్న పొద్దున ఉప్మాకి రవ్వ వేయిస్తుంటే టీవీలో ఎన్నికల ప్రకటన వచ్చింది. మా టెక్సస్ గవర్నర్ గ్రెగ్ అబాట్ (ఇక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి) నాలుగోసారి నిలబడుతున్నారు, 2026 నవంబర్‌లో పోలింగ్. ఆయన గట్టిగా చెప్పుకునేది ఇంటి పన్ను తగ్గించామనే. మా వారు కాఫీ కప్పు పట్టుకుని, "ఆయన తగ్గించానంటాడు, మన ఇంటి లోన్ నెల పేమెంట్ చూస్తే పెరిగింది. ఇదేం లెక్క?" అన్నారు. రవ్వ కొంచెం మాడింది కానీ, ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఫ్రిస్కోకి మారుతున్నామని చెప్పినప్పుడు కాలిఫోర్నియాలో ఉన్న మా ఫ్రెండ్సందరూ "మీకేం, స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు" అన్నారు. నిజమే, లేదు. 2019లో జనం ఓటేసి, ఇకముందు కూడా పెట్టకూడదని రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. కానీ స్కూళ్లు, పోలీసులు, రోడ్లు గాల్లోంచి రావు కదా. ఆ భారం షాపులో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ మీద, మన ఇంటి మీద పడుతుంది. ఇంటి పన్నులో సగానికి పైగా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే, అంటే మన ఏరియాలో ప్రభుత్వ స్కూళ్లు నడిపే సంస్థదే. మా అమ్మకి ఏడాది పన్ను ఎంతో చెప్తే కాసేపు ఫోన్‌లో మాట లేదు. "అది పన్నా, అద్దెనా?" అంది.

ఇప్పుడు గవర్నర్ గారి రికార్డు చూద్దాం. సొంతింట్లో ఉండేవాళ్లకి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అని ఉంటుంది. అంటే స్కూల్ పన్ను వేసేటప్పుడు ఇంటి విలువలోంచి కొంత తీసేసి మిగతాదానికే వేస్తారు. ఆయన 2015లో పదవిలోకి వచ్చేసరికి ఇది 15,000 డాలర్లు. అదే ఏడాది 25,000 అయింది. 2022లో 40,000, 2023లో ఒక్కసారిగా 1,00,000, 2025 నవంబర్‌లో 1,40,000. ప్రతిసారీ శాసనసభ పాస్ చేశాక జనం ఓటేసి ఒప్పుకుంటేనే అమలైంది.

మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పన్ను వంద డాలర్ల విలువకి ఒక డాలరు పైచిలుకు. కాబట్టి 40,000 నుంచి లక్షకి పెరిగితే ఏడాదికి 600 పైన మిగిలినట్టు. లక్ష నుంచి 1,40,000కి పెరిగితే ఇంకో 400. 2023లో దీంతోపాటు స్కూల్ పన్ను రేటు కూడా తగ్గించారు. అప్పుడు రాష్ట్రం దగ్గర 32 బిలియన్ డాలర్లకు పైగా మిగులు ఉంది. స్కూళ్లకి తగ్గిన డబ్బు అందులోంచి పూడ్చారు.

ఇక్కడ చిన్న పిట్టకథ. ఆ 2023లో అబాట్ గారి మొగ్గు రేటు తగ్గించడం వైపే. ఎగ్జెంప్షన్ పెంచాల్సిందేనని పట్టుబట్టింది గవర్నర్ తర్వాతి స్థానంలో ఉండే లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్. ఇద్దరిదీ ఒకే పార్టీ. రెగ్యులర్ సమావేశాల్లో తేలక, రెండు ప్రత్యేక సమావేశాలు పెట్టి, జులైలో రెండూ కలిపి రాజీపడ్డారు. ఇప్పుడు ప్రకటనలో మొత్తం క్రెడిట్ ఒకరి ఖాతాలోనే పడింది. సంతకం పెట్టింది అబాట్ గారే కాబట్టి అబద్ధం అనలేం, కానీ పెళ్లి మొత్తం పెళ్లికొడుకే చేసుకున్నాడన్నట్టు ఉంది.

సరే, మరి మా పేమెంట్ ఎందుకు పెరిగింది? తప్పులో పెద్ద వాటా మాదే. 2022 ఆగస్టులో కొత్త ఇంట్లో దిగాం. ఆ జనవరి 1 నాటికి అక్కడ ఉన్నది మట్టి, నాలుగు కర్రలు. దాంతో మొదటి ఏడాది పన్ను దాదాపు స్థలానికే వచ్చింది. "అబ్బ, ఇంత తక్కువా!" అని మురిసిపోయాం. 2023లో పూర్తి ఇంటికి పన్ను వేశారు. ఎస్క్రో అంటే తెలుసుగా, పన్నుకీ ఇన్సూరెన్స్‌కీ లోన్ కంపెనీ నెలనెలా మన దగ్గర పోగేసి కట్టే ఖాతా. అందులో లోటు వచ్చింది. నెలకి 3,400 డాలర్లు కట్టేవాళ్లం, 4,150 కట్టమని లెటర్. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

దానికి తోడు మేం హోమ్‌స్టెడ్‌కి అప్లై చెయ్యనే లేదు! దానికి డ్రైవింగ్ లైసెన్స్ మీద ఈ ఇంటి అడ్రసే ఉండాలి. మా వారి లైసెన్స్ మీద ఇంకా పాత అపార్ట్‌మెంట్ ఉంది. పైగా మాలాంటి హెచ్‌1బీ వర్క్ వీసా వాళ్లకి ఇవన్నీ రావేమో అనుకున్నాం. వస్తాయండీ, ఇక్కడ సొంతింట్లో కాపురం ఉంటే చాలు, సిటిజన్ కానక్కర్లేదు. ఈ సంగతి చెప్పింది పక్కింటి అంకుల్, హనుమాన్ గుడిలో ప్రసాదం లైన్లో నిలబడి. గడువు దాటినా రెండేళ్ల వరకు లేటుగా పెట్టుకోవచ్చు అన్నారు. 2024లో పెట్టాం, 2023ది తిరిగొచ్చింది. అప్లికేషన్‌కి పైసా ఖర్చు లేదు. గవర్నమెంట్ లెటర్‌లా కనపడే కవర్లో ఫీజు కట్టమని ఎవరో పంపారు, మేం కట్టబోయాం కూడా. మీకొస్తే నేరుగా చెత్తబుట్టలో వేయండి.

అంకుల్‌కి 65 దాటాయి, ఆయనకి 2,00,000 వరకు మినహాయింపు. స్కూల్ పన్ను మొత్తానికి సీలింగ్ కూడా ఉంది, అంటే ఆ హద్దు దాటి పెరగదు. ఆయన సిటిజన్, ఓటూ ఉంది. ఇవన్నీ ఇచ్చినవాళ్లకే వేస్తారా అని అడిగితే, "పన్ను ఒక్కటే చూసి ఓటేస్తే ఎలాగమ్మా" అని నవ్వేశారు. మాకు ఆ ఇబ్బందే లేదు. పన్ను కడతాం, ఓటు లేదు.

మా మరిది అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు. "వదినా, ఇందులో నాకేం వచ్చింది?" అన్నాడు. అపార్ట్‌మెంట్ ఓనర్ కట్టే పన్ను మా మరిది అద్దెలోనే కలిసి ఉంటుంది, కానీ హోమ్‌స్టెడ్ మినహాయింపు అద్దె ఇళ్లకి వర్తించదు. రేటు తగ్గినందుకు ఓనరు అద్దె తగ్గిస్తాడా అంటే, మీరే చెప్పండి. వాడికి పాప పుట్టాక ఒకటి మాత్రం దక్కింది. 2023 సెప్టెంబర్ నుంచి డైపర్లు, వైప్స్, శానిటరీ ప్యాడ్ల మీద సేల్స్ ట్యాక్స్ తీసేశారు. 40 డాలర్ల డైపర్ల డబ్బా మీద 3 డాలర్ల 30 సెంట్లు. నెలకి రెండు డబ్బాలు.

బిజినెస్ సంగతి కర్రీ పాయింట్ నడిపే అక్కని అడిగాను. ఫ్రాంచైజ్ ట్యాక్స్ అని కంపెనీల మీద ఉంటుంది. 2015లో దాని రేటు పావు వంతు తగ్గించారు. 2023లో, 12.3 లక్షల డాలర్ల దాకా ఆదాయం ఉన్నవాళ్లకి ఉన్న మాఫీని 24.7 లక్షలకు పెంచారు. అక్క పగలబడి నవ్వింది. "మనం పాత లిమిట్ దగ్గరికే ఎప్పుడూ చేరలేదు కదే!" మరి ఆవిడకి పనికొచ్చింది ఏంటంటే, షాపులో ఉన్న సామాను మీద వేసే పన్ను. వెట్ గ్రైండర్, ఫ్రీజర్, స్టీలు బల్లలు, ఇవన్నీ ఏటా లిస్టు రాసి ఇస్తే వాటి విలువ మీద పన్ను వేస్తారు. మినహాయింపు 2,500 డాలర్లే ఉండేది. 2025 ఓటింగ్‌తో 1,25,000 అయింది. అక్క ఆ గ్రైండర్ని తట్టి, "పదేళ్ల నుంచి దీనికి పన్ను కడుతున్నా, ఇది నా మూడో కొడుకు" అంది.

ఈసారి గెలిస్తే సొంతిళ్ల మీద స్కూల్ పన్నే లేకుండా చేస్తానంటున్నారు అబాట్. వినడానికి బాగుంది. కానీ మిగులు ఉన్న ఏడాది పూడ్చడం వేరు, మిగులు లేని ఏడాది కూడా పూడ్చడం వేరు. ఆ డబ్బు సేల్స్ ట్యాక్స్‌లోంచి తెస్తే, మా మరిది కొనే ప్రతి చెప్పుల జతలోనూ మా ఇంటి పన్ను కొంత కలిసినట్టే. ఆయన తగ్గించారన్నది నిజం, లెక్క నా చేతిలోనే ఉంది. ఎక్కువ మిగిలింది మాత్రం ఇల్లు కొనుక్కోగలిగిన మాలాంటి వాళ్లకే.

ఇక ఈ నోటీసు. ఇంటి విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15 లోపు ప్రొటెస్ట్ చెయ్యాలి, అంటే అభ్యంతరం పెట్టాలి. మా సాక్ష్యం గ్యారేజ్ గోడకి ఇదిగో ఈ పగులు, వేలు పట్టేంత. పోయినేడాది కూడా ఉంది, ఫోటో తియ్యడమే మర్చిపోయాం. ఒక్క నిమిషం, ఈ టేపు పట్టుకోండి ఏవండీ, వెడల్పు కూడా ఫోటోలో పడాలి.