డబ్బాలైపోయిన తెలుగు: కంప్యూటర్ బరువు తగ్గించేవాళ్లతో కొన్ని మాటలు

అందరికీ నమస్కారం. షాపులు పక్కవాళ్లకు అప్పగించి వచ్చారు కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఇక్కడ సగం మంది జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్లవాళ్లు, మిగతావాళ్లు నాలాగా సర్వీసింగ్ చేసేవాళ్లు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, 4 జీబీ ర్యామ్ కావాలి అంటుంది. అప్పటినుంచి మన దగ్గరికొచ్చే ప్రతివాళ్లూ అడిగేది ఒకటే: "అన్నా, ఈ పాత సిస్టమ్‌నే కాస్త తేలిక చేసి నడిపించలేవా?"

నడిపించొచ్చు. ఎలాగో చెప్పే ముందు, నేను చేసిన ఒక తెలివితక్కువ పని చెబుతాను.

విండోస్ ఎక్స్‌పీ రోజులు. 256 ఎంబీ ర్యామ్ ఉంటే గొప్ప. అప్పట్లో ఎన్‌లైట్ అని ఒక ప్రోగ్రామ్ ఉండేది. విండోస్ సీడీని దానికి చూపిస్తే లోపలున్నవన్నీ జాబితా వేసేది. అక్కర్లేనివాటికి టిక్కు పెడితే అవి లేకుండా కొత్త సీడీ తయారుచేసి ఇచ్చేది. నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను. మూవీ మేకర్ పోయింది, మెసెంజర్ పోయింది, ఫైళ్లు వెతికేటప్పుడు తోకాడించే కుక్కపిల్ల కూడా పోయింది. భాషల దగ్గరికొచ్చేసరికి అరబిక్, థాయ్, చైనీస్... మనకెందుకులే అని ఆ వర్గం మొత్తం తీసేశాను. సీడీ సన్నబడింది, ఇన్‌స్టాల్ చకచకా అయిపోయేది. ఊళ్లో ఓ పాతిక సిస్టమ్‌లకు అదే వేశాను, గర్వంగా.

వారం తిరక్కుండా ఒక రిటైరైన తెలుగు మాస్టారు వచ్చారు. "బాబూ, నువ్వు బాగుచేసిన దగ్గర్నుంచీ నా తెలుగంతా డబ్బాలైపోయింది" అన్నారు. వెళ్లి చూస్తే ఆయన రోజూ చదివే బ్లాగులన్నీ వరసగా చదరపు గళ్లు. ఫాంట్ లేదు కాబోలనుకుని ఇంకో సిస్టమ్ నుంచి గౌతమి ఫాంట్ తెచ్చి వేశాను. అక్షరాలు వచ్చాయి, కానీ ఒత్తులు కిందికి దిగవు, గుడులు పైకెక్కవు. "అమ్మ" అన్న మాటలో మకార ఒత్తు పక్కకు జరిగి నిలబడింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "ఇది ఒకటో తరగతి పిల్లాడు రాసినట్టుంది" అన్నారు.

సంగతేమిటంటే, ఒత్తులనూ గుణింతాలనూ కూర్చి చూపించే పని ఎక్స్‌పీలో విడిగా ఉండేది. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతీయ భాషల సెట్టింగుల దగ్గర ఒక టిక్కు ఉండేది, "క్లిష్టమైన లిపులు, కుడి నుంచి ఎడమకు రాసే భాషలు, థాయ్‌తో సహా" అని. ఆ వాక్యంలో తెలుగు పేరు లేదు. ఆ క్లిష్టమైన లిపుల్లో మనదీ ఒకటని నాకు తట్టలేదు. అది వేసుకోవడానికి కావాల్సిన జాగా 10 ఎంబీ. ఆ 10 ఎంబీ మిగుల్చుకోవడానికి నేను పాతిక ఇళ్లలో తెలుగు తీసేశాను. సీడీలో ఫైళ్లు లేవు కాబట్టి ఇప్పుడు టిక్కు పెట్టినా ప్రయోజనం లేదు. అన్నీ మళ్లీ వేయాల్సొచ్చింది, ఉచితంగా.

అప్పటినుంచి "అనవసరమైనవి తీసేయండి" అని ఎక్కడ చదివినా ముందు ఒక మాట అడుగుతున్నాను: ఎవరికి అనవసరం? ఆ జాబితా రాసినాయనకు ప్రింటర్ ఉండకపోవచ్చు. తెలుగు అసలే ఉండదు.

ఇప్పుడు యూట్యూబ్ చూసి విండోస్ వెనకాల నడిచే సర్వీసులు ఆపేసేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల జాబితాలో ప్రింట్ పనులు చూసే ప్రింట్ స్పూలర్ తప్పకుండా ఉంటుంది. ఆటలాడుకునేవాడికి అది దండగే. హాల్‌టికెట్లు ప్రింట్ తీసే సెంటర్లో ఆపితే పరీక్ష రోజు పొద్దున మీ షాపు ముందు ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఆ జాబితాల్లోనే స్మార్ట్ కార్డ్ సర్వీసు కూడా కనిపిస్తుంది. మనమెవరం స్మార్ట్ కార్డ్ వాడతాం అనుకుంటాం. కాంట్రాక్టర్లు టెండర్లు వేయడానికి, ఆడిటర్లు రిటర్నులు దాఖలు చేయడానికి పెన్‌డ్రైవ్‌లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ తెస్తారు చూడండి, విండోస్ లెక్కలో అదొక స్మార్ట్ కార్డే. ఆ సర్వీసు ఆగితే టోకెన్ పలకదు. టెండర్‌కి ఆఖరి గంటలో ఆ టెన్షన్ నేను చూశాను, మీకు వద్దు.

మరి ఏం తీయాలి? ముందు కొలవండి. సిస్టమ్ నెమ్మదిగా ఉందంటే డిస్క్ నిండిందనే అర్థం కాదు. టాస్క్ మేనేజర్ తెరిచి స్టార్టప్ జాబితా చూడండి. ఎప్పుడో ఒకసారి వేసిన ప్రింటర్ సహాయకులు, మీటింగ్ యాప్‌లు, అప్‌డేటర్లు అక్కడ బారులు తీరి ఉంటాయి. అవి ఆపితే ఏదీ విరగదు, కావాలనుకుంటే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. పాత తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే దాన్ని తీసి ఎస్ఎస్‌డీ వేయండి. నేను చెప్పబోయే చిట్కాలన్నీ కలిపినా ఆ ఒక్క మార్పుకి సాటిరావు. సర్వీసింగ్‌వాణ్ని కాబట్టి ఎస్ఎస్‌డీ అమ్ముకోవడానికి చెబుతున్నాననుకుంటారేమో, అనుకోండి.

జాగా విషయానికొస్తే, సీ డ్రైవ్‌లో హైబర్‌ఫిల్ అనే దాచిన ఫైలు ఉంటుంది, సిస్టమ్ హైబర్నేట్ అయ్యేటప్పుడు ర్యామ్‌లోవి దాచుకోవడానికి. విండోస్ 10లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం. అంటే 8 జీబీ ర్యామ్‌కి 3 జీబీ పైనే. పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో దాన్ని పూర్తిగా ఆపేయమంటారు చాలామంది. ఆపితే ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది, హార్డ్ డిస్క్ మెషిన్ తెల్లారి తెరుచుకోవడానికి ఇంకా మూలుగుతుంది. అదే కమాండ్‌లో రెడ్యూస్డ్ అన్న రకం ఎంచుకుంటే ఫైలు దాదాపు సగానికి తగ్గుతుంది, ఫాస్ట్ స్టార్టప్ ఉంటుంది. నేను అదే చేస్తాను.

ఇక విండోస్ తన సొంత భాగాలు దాచుకునే విన్‌ఎస్ఎక్స్‌ఎస్ ఫోల్డర్. దాని సైజు చూసి భయపడి లోపలి ఫైళ్లు చేత్తో చెరిపినవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు, సిస్టమ్ తెరుచుకోక. ఆ సైజు నిజం కాదు. ఒక మనిషి పేరు రేషన్ కార్డులోనూ ఉంటుంది, ఓటరు జాబితాలోనూ ఉంటుంది. రెండు జాబితాలు కూడితే ఇద్దరు మనుషులవుతారా? అక్కడి ఫైళ్లు చాలావరకు అలాంటివే. డిస్క్ మీద ఫైలు ఒకటే, రెండు ఫోల్డర్లలో పేరు కనిపిస్తుంది. దాన్ని హార్డ్ లింక్ అంటారు. అసలు లెక్క కావాలంటే విండోస్‌తోనే వచ్చే డిస్మ్ కమాండ్‌లో అనలైజ్ కాంపోనెంట్ స్టోర్ అని అడగండి. శుభ్రం చేయడం కూడా ఆ డిస్మ్‌తోనే చేయించండి, మీ చేత్తో కాదు. కొత్త వెర్షన్ ఎక్కించాక మిగిలే పాత విండోస్ ఫోల్డర్, విండోస్.ఓల్డ్, అయితే పది రోజులకు దానంతటదే పోతుంది.

యాప్‌ల గురించి రెండు ముక్కలు. పవర్‌షెల్ అనే కమాండ్ల కిటికీతో ఒక యాప్ తీసేస్తే అది ఆ యూజర్‌కే పోతుంది. కొత్త యూజర్‌ని పెట్టగానే మళ్లీ ప్రత్యక్షం, ఎందుకంటే "ప్రొవిజన్డ్" అనే ఇంకో జాబితాలో అది అలాగే ఉంది. ఆ రెండోది కూడా తీయాలి. మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జ్ తీసేయొచ్చా అని అడుగుతారు. 2024 మార్చి నుంచి ఐరోపా వాళ్లకు తీసేసుకునే వీలుంది, అక్కడి చట్టం పుణ్యాన. మనకు లేదు. ఇది పాత తగాదానే. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసినప్పుడు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని విండోస్ 98 నుంచి విడదీయలేమని కంపెనీ వాదించింది. ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టెన్ దాన్ని తీసే ప్రోగ్రామ్ రాసి కోర్టులో సాక్ష్యం చెప్పాడు. షేన్ బ్రూక్స్ అనే ఆయన 98లైట్ అని ఒకటి తయారుచేసి, 98 మీద 95 నాటి తేలికైన ఎక్స్‌ప్లోరర్‌ని కూర్చోబెట్టాడు. నా ఎన్‌లైట్ వెర్రికి పెద్దలు వాళ్లే.

ఈ కాలపు 98లైట్ అంటే టైనీ11, విండోస్ 11ని సన్నం చేసినది. వాడాలనుకుంటే ఎవరో అప్‌లోడ్ చేసిన ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ డిస్క్ ఫైలు, దించుకోకండి, అందులో ఇంకేం కలిపారో మీకు తెలీదు. టైనీ11 బిల్డర్ అని దాని స్క్రిప్టు బయటే ఉంది, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చిన అసలు ఐఎస్ఓ మీద మీరే నడిపించుకోవచ్చు. అందులోనే కోర్ అని మరీ చిక్కినది ఒకటుంది, దానికి అప్‌డేట్లు, కొత్త భాషలు ఎక్కించడం కుదరదు. కస్టమర్ మెషిన్లో వేయకండి.

ఇంత తీసివేత ఎందుకనుకునేవాళ్లకు డెబియన్ అనే లినక్స్ ఉంది. అక్కడ తీయడం ఉండదు, పెట్టుకోవడమే. నెట్‌ఇన్‌స్ట్ అనే చిన్న ఇన్‌స్టాలర్‌తో మొదలుపెట్టి, డెస్క్‌టాప్ టిక్కులు తీసేస్తే నల్లటి తెర, ఒక లాగిన్. అక్కణ్నుంచి కావాల్సినవి ఒక్కొక్కటే అడిగి తెచ్చుకోవడం. డెస్క్‌టాప్‌లలో ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిక. "సిఫారసు చేసినవి వద్దు" అని చెబితే ఇంకా తేలిక, కాకపోతే వైఫై గుర్తు, సౌండ్ లాంటివి గుర్తుపెట్టుకుని విడిగా తెచ్చుకోవాలి. మరీ పాత 32 బిట్ మెషిన్లకు మాత్రం 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో ఇన్‌స్టాలర్ లేదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ నడిపే డీటీపీ వాళ్లను దీని జోలికి రమ్మనను, వాళ్ల పాత విండోస్‌ని నెట్‌కి దూరంగా ఉంచి అలాగే వాడుకోనివ్వండి.

ఈ బల్ల మీదున్నది అలా నిన్న రాత్రి వేసిందే. బ్రౌజర్లో ఒక తెలుగు పేజీ తెరుస్తున్నాను, తెర వైపు చూడండి. చూశారా? డబ్బాలు. మాస్టారింట్లో కనిపించినవే. ఈసారి నేను తీసేయలేదు, అసలు పెట్టలేదు. లోహిత్ తెలుగు ఫాంట్ తెచ్చే కమాండ్ టైపు చేసి ఉంచాను. ముందు వరసలో ఆ తమ్ముడు వచ్చి ఎంటర్ కొడతాడు. రా తమ్ముడూ, ఒత్తులు కిందికి దిగుతాయో లేదో అందరం చూద్దాం.