విడిభాగాలతో కట్టిన డెస్క్‌టాప్‌లో మ్యాక్ ఓఎస్: పదిహేను పోర్టుల చిక్కు

నమస్కారం. తెర మీద మీరు చూస్తున్న ఈ డెస్క్‌టాప్‌ను ఆపిల్ సంస్థ తయారుచేయలేదు. అయినా ఎడమవైపు పైమూలలో ఉన్న ఆపిల్ గుర్తును నొక్కి ‘అబౌట్ దిస్ మ్యాక్’ తెరిస్తే, ఇదిగో, ఐమ్యాక్ అని చూపిస్తోంది. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు మూడు దుకాణాలు తిరిగి కొన్న విడిభాగాలతో కట్టిన యంత్రమిది. ఆపిల్ కంప్యూటర్ల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన మ్యాక్ ఓఎస్‌ను ఇలా వేరే యంత్రంలో నడిపితే, ఆ యంత్రాన్నే హ్యాకింటాష్ అంటారు. దీన్ని ఎలా కట్టాలో, ఎక్కడ మొరాయిస్తుందో, మొరాయించినప్పుడు ఏం చేయాలో ఈ వీడియోలో చూద్దాం.

మొదలుపెట్టే ముందు ఒక విషయం చెప్పాలి. ఆపిల్ లైసెన్సు ఒప్పందం ప్రకారం మ్యాక్ ఓఎస్‌ను ఆపిల్ ముద్ర ఉన్న కంప్యూటర్లలోనే వేసుకోవాలి. అమెరికాలోని ఫ్లోరిడాలో సైస్టార్ అనే సంస్థ 2008లో ఇలాంటి యంత్రాలను కట్టి అమ్మడం మొదలుపెడితే, ఆపిల్ కోర్టుకు వెళ్లి 2009లో గెలిచింది. 2011లో అప్పీలులోనూ అదే తీర్పు నిలిచింది. నేను దీన్ని నేర్చుకోవడానికి కట్టుకున్నాను. కట్టి అమ్ముదామనే ఆలోచన ఉన్నవారు దయచేసి ఇక్కడితో ఆగండి.

ఇంకొకటి. ఆపిల్ 2006లో ఇంటెల్ ప్రాసెసర్లకు మారింది కాబట్టే ఈ విద్య సాధ్యమైంది. 2020లో సొంత చిప్‌లకు మారడంతో దీనికి గడువు కూడా పడింది. 2025లో వచ్చిన టాహో, అంటే మ్యాక్ ఓఎస్ 26, ఇంటెల్ యంత్రాలకు చివరిది. నేను మాత్రం ఈ వీడియోలో వెంచురాను, అంటే 13ను వేస్తున్నాను; ఈ విడిభాగాలతో అది నా దగ్గర స్థిరంగా పనిచేస్తోంది.

విడిభాగాలు ఇవి. ఇంటెల్ కోర్ ఐ5 10400 ప్రాసెసర్, జెడ్490 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, ఆర్‌ఎక్స్ 580 గ్రాఫిక్స్ కార్డు, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఇవే ఎందుకంటే, 2020లో వచ్చిన 27 అంగుళాల ఐమ్యాక్‌లో ఉన్నది కూడా పదో తరం ఇంటెల్ ప్రాసెసరే; అసలు యంత్రానికి ఎంత దగ్గరగా ఉంటే మనకు అంత పని తగ్గుతుంది. గ్రాఫిక్స్ కార్డు విషయంలో మాత్రం పొరపాటు పడకండి. ఇంట్లో ఎన్విడియా కార్డు ఉంది కదా, దాన్నే వాడేద్దామని చాలామంది అనుకుంటారు. ఎన్విడియా కొత్త కార్డులకు మ్యాక్ ఓఎస్ హై సియెర్రా (10.13) తరువాత డ్రైవర్లు రాలేదు, పాత కెప్లర్ కార్డులకు కూడా మాంటెరీ (12)లో మద్దతు తీసేశారు. కాబట్టి ఏఎండీయే తీసుకోండి. ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు కూడా అది సామ్‌సంగ్ పీఎం981 కాకుండా చూసుకోండి, దానికీ మ్యాక్ ఓఎస్‌కూ పొసగదు.

బిగించడం త్వరగా చూపించేస్తాను, ఇది మీకు తెలిసిందే. ప్రాసెసర్ మూలన ఉన్న త్రిభుజం సాకెట్ మీది గుర్తుకు సరిపోవాలి, బలవంతంగా నొక్కకూడదు. ర్యామ్ రెండో స్లాటులో, నాలుగో స్లాటులో. థర్మల్ పేస్ట్ బఠాణీ గింజంత. మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. అంతే, క్యాబినెట్ మూత ఇప్పుడే బిగించకండి, ఎందుకో తరువాత తెలుస్తుంది.

ఇప్పుడు బయాస్‌లోకి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవకముందే వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్దాం. డిలీట్ కీ నొక్కుతూ ఉండండి. ఫాస్ట్ బూట్ ఆపేయండి, సెక్యూర్ బూట్ ఆపేయండి, సీఎస్‌ఎం ఆపేయండి. ‘అబవ్ 4జీ డీకోడింగ్’ను, ‘ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండాఫ్’ను ఆన్ చేయండి. సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాలి. సీఎఫ్‌జీ లాక్ అనే అంశం కనిపిస్తే దాన్ని ఆపేయండి. కొన్ని బోర్డులలో అది కనిపించదు. అలాంటప్పుడు కంగారుపడకుండా, తరువాత మనం కాన్ఫిగ్ ఫైలులో ‘ఆపిల్ ఎక్స్‌సీపీఎం సీఎఫ్‌జీ లాక్’ అనే మార్పును ఆన్ చేస్తే సరిపోతుంది. ఎఫ్10 నొక్కి సేవ్ చేయండి.

పెన్‌డ్రైవ్ తయారీకి విండోస్ ఉన్న మరో కంప్యూటర్ చాలు. ఆపిల్‌ది కాని యంత్రంలో మ్యాక్ ఓఎస్‌ను మొదలుపెట్టే బూట్‌లోడర్ పేరు ఓపెన్‌కోర్. దాన్ని డౌన్‌లోడ్ చేస్తే లోపల యుటిలిటీస్ ఫోల్డర్‌లో మ్యాక్‌రికవరీ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. తెర మీద ఉన్న కమాండ్ ఇస్తే, అది నేరుగా ఆపిల్ సర్వర్ల నుంచే రికవరీ ఫైళ్లను తెస్తుంది. ఎక్కడెక్కడో దొరికే, ఎవరో మార్చి పెట్టిన సిద్ధపు ఇన్‌స్టాలర్లను వాడకండి. అందులో ఏం కలిపారో మనకు తెలియదు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, తెచ్చిన ఫైళ్లను ‘కామ్ డాట్ ఆపిల్ డాట్ రికవరీ డాట్ బూట్’ అనే ఫోల్డర్‌లో పెట్టి, దాని పక్కనే ఓపెన్‌కోర్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌ను ఉంచండి. ఈ పద్ధతిలో అసలు ఓఎస్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఇంటర్నెట్ నుంచి దిగుతుంది కాబట్టి లాన్ కేబుల్ తప్పనిసరి.

ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లో కెక్స్ట్‌లు ఉంటాయి, అంటే మ్యాక్ ఓఎస్ డ్రైవర్లు అనుకోండి. మిగతావాటికి ఆధారమైన లిలు, వర్చువల్ ఎస్‌ఎంసీ, గ్రాఫిక్స్‌కు వాటెవర్‌గ్రీన్, శబ్దానికి ఆపిల్ ఏఎల్‌సీ, నా బోర్డులోని ఐ219 లాన్ చిప్‌కు ఇంటెల్‌మౌసి. వీటిలో వర్చువల్ ఎస్‌ఎంసీ సంగతి ఆసక్తిగా ఉంటుంది. అసలైన మ్యాక్‌లలో ఎస్‌ఎంసీ అనే చిప్ ఉంటుంది, అందులో ఆపిల్ ఇంజినీర్లు ‘మా కష్టాన్ని దొంగిలించకండి’ అనే అర్థం వచ్చే ఒక వాక్యాన్ని దాచారు. ఆ మాటలు జవాబుగా రాకపోతే సిస్టమ్ ముందుకు కదలదు. వర్చువల్ ఎస్‌ఎంసీ చేసే పని ఆ చిప్ ఉన్నట్టు నటించడం. దీంతో పాటు ఏసీపీఐ ఫోల్డర్‌లో ప్లగ్, ఈసీ యూఎస్‌బీఎక్స్, ఏవాక్ అనే మూడు ఎస్‌ఎస్‌డీటీ ఫైళ్లు, అంటే హార్డ్‌వేర్‌ను మ్యాక్ ఓఎస్‌కు అర్థమయ్యేలా వివరించే ఫైళ్లు, పదో తరానికి కావాలి.

ఇక కాన్ఫిగ్ డాట్ పీలిస్ట్, అంటే ఓపెన్‌కోర్ సెట్టింగులన్నీ ఉండే ఫైలు. దీన్ని సరిచేయడానికి నేను ప్రాపర్‌ట్రీ అనే ఎడిటర్ మాత్రమే వాడతాను. అందంగా బటన్లతో కనిపించే ఎడిటర్లు ఉన్నాయి, కానీ ఓపెన్‌కోర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అవి వెనకబడి ఫైలును పాడుచేయడం నేను చూశాను. ప్రాపర్‌ట్రీలో కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కి ఈఎఫ్‌ఐలోని ఓసీ ఫోల్డర్‌ను చూపిస్తే, మీరు పెట్టిన కెక్స్ట్‌లు, ఎస్‌ఎస్‌డీటీలు అన్నీ తనే సరైన వరుసలో నింపుతుంది. మిగిలిన విలువలు తెర మీద ఉన్నాయి, వీడియోను ఆపి చూసుకోండి. ఎస్‌ఎంబయాస్, అంటే మన యంత్రం ఏ మ్యాక్ మోడల్‌గా కనిపించాలో చెప్పే విలువ, మాత్రం ఐమ్యాక్ 20,1. సీరియల్ నంబర్లను జెన్‌ఎస్‌ఎంబయాస్ అనే ప్రోగ్రాంతో తయారుచేసి, ఆపిల్ వారంటీ పేజీలో వేసి చూడండి. చెల్లని నంబరు అని రావాలి, అదే మనకు కావలసిన జవాబు. చెల్లుబాటయ్యే నంబరైతే అది ఎవరో కొనుక్కున్న మ్యాక్‌ది అన్నమాట.

ఒక చిన్న పదం దగ్గర ఆగుదాం. అదే ఫైలులో మిస్క్ విభాగంలో సెక్యూరిటీ కింద వాల్ట్ అని ఉంటుంది, ఓపెన్‌కోర్ ఫైళ్లను ఎవరూ మార్చలేదని సరిచూసే ఏర్పాటు అది; దాని విలువ ‘ఆప్షనల్’ అని మార్చాలి. మొదటి అక్షరం పెద్దదిగా ఉండాలి. ఈ ఒక్క పదం మరిచిపోతే ఓపెన్‌కోర్ వాల్ట్ కావాలని అడుగుతూ అక్కడే నిలబడిపోతుంది.

బూట్ ఆర్గ్యుమెంట్లలో, అంటే మ్యాక్ ఓఎస్ మొదలయ్యేటప్పుడు దానికి ఇచ్చే సూచనలలో, మైనస్ వీ (-v) తప్పకుండా పెట్టండి. దానివల్ల ఆపిల్ గుర్తు బదులు తెల్లటి అక్షరాలు వరుసలుగా పరుగెడతాయి. చూడడానికి భయంగా ఉంటుంది గాని, యంత్రం మనతో మాట్లాడే భాష అదే. ఎక్కడ ఆగిందో ఆ చివరి వరుసను ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ‘ఎగ్జిట్‌బీఎస్ స్టార్ట్’ దగ్గర ఆగితే బూటర్ విభాగంలోని మెమరీ మార్పులనూ, సీఎఫ్‌జీ లాక్‌నూ మళ్లీ చూడాలి. అక్షరాలు అన్నీ పోయి తెర నల్లబడితే గ్రాఫిక్స్ సంగతి. ఏఎండీ కొత్త నావి కార్డులకైతే ‘ఏజీడీపీమాడ్’ అనే ఆర్గ్యుమెంట్ కావాలి, ఆర్‌ఎక్స్ 580కి అక్కరలేదు.

ఇప్పుడు నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని వరుసకు వద్దాం. ‘స్టిల్ వెయిటింగ్ ఫర్ రూట్ డివైస్’. ఇదిగో, తెర మీద చూడండి. ఓపెన్‌కోర్ ఈ పెన్‌డ్రైవ్ నుంచే మొదలైంది, ఇన్‌స్టాలర్ కూడా ఈ పెన్‌డ్రైవ్ నుంచే మొదలైంది, ఇంతలో మ్యాక్ ఓఎస్ వచ్చి పెన్‌డ్రైవ్ ఎక్కడుందని అడుగుతోంది. నేను పెన్‌డ్రైవ్ చెడిపోయిందనుకుని కొత్తది కొన్నాను. మళ్లీ అదే వరుస. ఎస్‌ఎస్‌డీ విప్పి బిగించాను. మళ్లీ అదే.

అసలు కారణం ఇది. మ్యాక్ ఓఎస్ ఒక యూఎస్‌బీ కంట్రోలర్‌కు 15 పోర్టులను మాత్రమే ఒప్పుకుంటుంది. మన జెడ్490 చిప్‌సెట్ 26 పోర్టులను చూపిస్తుంది. క్యాబినెట్ మీద అన్ని రంధ్రాలు లేవు కదా అనుకుంటారు. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు ఒక్కటి కనిపించినా, లోపల అది రెండుగా లెక్కకు వస్తుంది: నెమ్మది పరికరాలకు హెచ్‌ఎస్ పేరుతో ఒకటి, వేగంగా పనిచేసే పరికరాలకు ఎస్‌ఎస్ పేరుతో మరొకటి. వరుసలో ముందు హెచ్‌ఎస్‌లు 14 ఉంటాయి, తరువాత యూఎస్‌ఆర్ అనేవి రెండు, ఆ తరువాతే ఎస్‌ఎస్‌లు పది. మొదటి 15 దగ్గర గీత గీస్తే ఏమవుతుంది? ఎస్‌ఎస్‌లు పదికి పది గీతకు అవతల పడిపోతాయి. నా పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 3ది, పెట్టింది నీలం పోర్టులో. కనబడకపోవడంలో వింత ఏముంది?

కాబట్టి మొదటి ఉపాయం చాలా సులువు: పెన్‌డ్రైవ్‌ను తీసి వెనకవైపు నల్లటి యూఎస్‌బీ 2 పోర్టులో పెట్టండి. నల్ల పోర్టు లేకపోతే పాత యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్ మధ్యలో పెట్టినా పని జరుగుతుంది. పాత వీడియోలలో ‘ఎక్స్‌హెచ్‌సీఐ పోర్ట్ లిమిట్’ను ఆన్ చేయమని చెబుతారు, అది బిగ్ సర్ 11.3 నుంచి పనిచేయడం లేదు, వెంచురాలో దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

ఇన్‌స్టాలర్ వచ్చింది. డిస్క్ యుటిలిటీలో వ్యూ నొక్కి ‘షో ఆల్ డివైసెస్’ ఎంచుకోండి, అన్నిటికంటే పైన ఉన్న ఎస్‌ఎస్‌డీ పేరు మీద ఎరేజ్ నొక్కి, ఫార్మాట్‌గా ఏపీఎఫ్‌ఎస్, స్కీమ్‌గా జీయూఐడీ ఎంచుకోండి. తరువాత ఇన్‌స్టాల్. మధ్యలో మూడు నాలుగుసార్లు రీస్టార్ట్ అవుతుంది, ప్రతిసారీ మ్యాక్ ఓఎస్ ఇన్‌స్టాలర్‌నే ఎంచుకోవాలి. ఎంపిక తెరలో స్పేస్‌బార్ నొక్కితే దాగిన అంశాలు కూడా కనిపిస్తాయి, నేను దీన్ని రోజూ వాడతాను.

డెస్క్‌టాప్ వచ్చింది కదా అని ఇక్కడితో వదిలేయకండి, పోర్టుల పని మిగిలే ఉంది. దానికి నేను ఈ యంత్రాన్నే విండోస్‌లో మొదలుపెట్టి, ఏ పోర్టు ఏ పేరుతో ఉందో చూపే యూఎస్‌బీ టూల్‌బాక్స్ అనే ప్రోగ్రాం నడుపుతాను. ‘డిస్కవర్ పోర్ట్స్’ తెరిచి, క్యాబినెట్ మీది ప్రతి పోర్టులో ముందు యూఎస్‌బీ 2 పెన్‌డ్రైవ్, తరువాత యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ పెట్టి తీయండి. చూడండి, ముందువైపు ఎడమ పోర్టులో మౌస్ పెడితే హెచ్‌ఎస్ వెలిగింది, యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్ పెడితే ఎస్‌ఎస్ వెలిగింది. కాగితం మీద రాసుకోండి. టైప్‌సీ పోర్టులో తీగను ఒకసారి తిప్పి కూడా పెట్టాలి. రెండువైపులా ఒకే ఎస్‌ఎస్ వెలిగితే దాని రకం 9, వేర్వేరు వెలిగితే 10. మదర్‌బోర్డు మీది రంగు దీపాల కనెక్టర్, బ్లూటూత్ కూడా ఒక్కో హెచ్‌ఎస్‌ను తినేస్తాయి. క్యాబినెట్ మూత బిగించవద్దన్నది ఇందుకే, లోపలి తీగ ఏ కనెక్టర్‌కు వెళ్లిందో కళ్లతో చూసుకోవాలి.

ఇప్పుడు 15కు తగ్గించాలి. నేను దీపాల కనెక్టర్‌ను వదిలేశాను, వెనకవైపు రెండు నీలం పోర్టులలో ఎస్‌ఎస్‌ను మాత్రమే ఉంచి హెచ్‌ఎస్‌ను తీసేశాను. అంటే ఆ రెండింటిలో మౌస్ పనిచేయదు, హార్డ్‌డిస్క్ పనిచేస్తుంది. నాకు అది చాలు. కీబోర్డు పెట్టే పోర్టు హెచ్‌ఎస్‌ను మాత్రం పొరపాటున కూడా తీయకండి. బ్లూటూత్ రకాన్ని 255గా పెట్టండి, అంటే లోపలి పరికరం అని అర్థం. కెక్స్ట్ తయారుచేసి, యూఎస్‌బీ టూల్‌బాక్స్ కెక్స్ట్‌తో పాటు ఈఎఫ్‌ఐలో పెట్టి, ప్రాపర్‌ట్రీలో మళ్లీ కంట్రోల్, షిఫ్ట్, ఆర్.

ఆపిల్ గుర్తు నొక్కి స్లీప్ చేసి చూద్దాం. ఫ్యాన్లు ఆగాయి. నాకు మొదట్లో రెండు సెకన్లకే మళ్లీ లేచి కూర్చునేది; ఆ 255 పెట్టకపోవడమే కారణం. ఇప్పుడు మౌస్ కదిపితేనే లేచింది. ఇక పెన్‌డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ ఈఎఫ్‌ఐ విభాగంలోకి కాపీ చేసి, పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తున్నాను. వచ్చేసింది. పెన్‌డ్రైవ్‌ను మాత్రం చెరపకుండా అలాగే దాచండి, తరువాత ఏ మార్పు చేసినా ముందు దాని మీద పరీక్షించి, పనిచేశాకే ఎస్‌ఎస్‌డీలో పెట్టండి. ఇక క్యాబినెట్ మూత బిగించవచ్చు.